పట్టుచీర అంచు ఎందుకు అలికినట్టు అయింది? వీడియోలో దాగి ఉన్న కంటి లెక్కలు

తర్వాత చదివేవాళ్లకు కూడా ఉపయోగపడుతుంది కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. మీరు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తారు. ఈ మధ్య చేసిన ఒక పెళ్లిలో పెళ్లికూతురిది ఎర్ర పట్టుచీర, ముదురు ఆకుపచ్చ అంచు. కెమెరా ఒరిజినల్‌లో శుభ్రంగా ఉన్న ఆ అంచు, మీరు ఇచ్చిన ఫైనల్ ఫైల్లో తడిగుడ్డతో అలికినట్టు అయింది. రాత్రి ఊరేగింపు షాట్లలో ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోయింది. ఈ రెండూ మీ కంప్యూటర్ మీద మీకు కనబడలేదు, పెళ్లివాళ్లు ఫోన్లో చూసి ఫిర్యాదు చేశారు. వీడియో నాణ్యతకు నూటికి మార్కులు వేసే వీమాఫ్ స్కోరు చూస్తే 95 వచ్చింది. "మనిషి కన్ను ఎలా చూస్తుందో లెక్కగట్టి తయారుచేసిన స్కోరు అంటారు కదా, మనిషి కంటికి కనబడ్డ తప్పు దానికి ఎందుకు కనబడలేదు? అసలు ఈ కంటి లెక్కలు వీడియోలో ఎక్కడెక్కడ వాడతారు?" అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా వీడియో కంప్రెషన్ పనిలోనే ఉన్నాను. మీరు చెప్పిన రెండు తప్పులూ నాకు బాగా పరిచయమైనవే. మీరు వాడిన సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు, మీరు నొక్కకూడని బటన్ ఏదీ నొక్కలేదు. వీడియో కెమెరాలో పుట్టిన దగ్గర్నుంచి ఫోన్ తెర మీదికి వచ్చేదాకా ప్రతి దశలోనూ కొంత సమాచారం పారేస్తారు. ఏది పారేయాలో తేల్చడానికి ఒక మనిషిని ఊహించుకుంటారు. అతనికి సగటు చూపు ఉంటుంది. తెరకు ఫలానా దూరంలో, ఫలానా వెలుతురులో కూర్చుంటాడు. అతనికి కనబడదు అనుకున్నది తీసేస్తారు. మీ పెళ్లివాళ్లు ఆ మనిషిలా చూడలేదు, వాళ్లు చూసిన చీర కూడా ఆ లెక్కలు ఊహించుకున్న బొమ్మలాంటిది కాదు. మీ రెండు సమస్యలూ ఇక్కడే ఉన్నాయి.

పారేయడం ఎందుకు తప్పదో ఒక లెక్క చూడండి. 1920×1080 సైజు, సెకనుకు 25 ఫ్రేములు, పిక్సెల్‌కు 24 బిట్లు అనుకుంటే సెకనుకు సుమారు 124 కోట్ల బిట్లు వస్తాయి. మీరు పంపే ఫైలు బహుశా సెకనుకు 80 లక్షల బిట్లు. అంటే దాదాపు 155వ వంతు. ఇందులో చాలా భాగం ఒక ఫ్రేముకూ పక్క ఫ్రేముకూ ఉన్న పోలికను వాడుకోవడం వల్ల తగ్గుతుంది. మండపం కదలదు కదా, దాన్ని ప్రతిసారీ పంపక్కర్లేదు. మిగతాదంతా కన్ను గమనించదన్న నమ్మకంతో తీసేసేది.

నిజానికి మన కన్ను కూడా ఇదే పని చేస్తుంది. రెటీనాలో కాంతిని పట్టే కణాలు సుమారు 10 కోట్లు ఉంటే, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నరంలో తంతువులు సుమారు 10 లక్షలే. రెటీనా దగ్గరే సమాచారం కుదించుకుపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా మెదడుకు పోవు. వెలుగు ఎంత అన్నది ఒక దారి, ఎరుపు-ఆకుపచ్చ తేడా రెండోది, నీలం-పసుపు తేడా మూడోది. సన్నటి గీతలు, అక్షరాల అంచులు, బట్ట నేత లాంటివి ఎక్కువగా వెలుగు దారిలోనే నడుస్తాయి. రంగు దారులు కొంచెం ముతక. నీలాన్ని పట్టే కణాలైతే, రంగులను పట్టే మొత్తం శంకు కణాల్లో పదో వంతు కూడా ఉండవు, చూపు కేంద్రంలో మరీ మధ్యన అసలు లేవనే చెప్పాలి.

ఈ సంగతిని మీ కెమెరా సెన్సరే వాడుకుంటుంది. దాని మీద ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరిక ఇది. వెలుగులోని సన్నటి తేడాలు మనకు ఎక్కువగా ఆకుపచ్చ ప్రాంతం నుంచే అందుతాయి కాబట్టి దానికి రెండు గళ్లు ఇచ్చాడు. హెచ్‌డీ వీడియోలో వెలుగు విలువ కట్టే సూత్రం కూడా అదే ధోరణిలో ఉంటుంది. ఎరుపును 0.2126తో, ఆకుపచ్చను 0.7152తో, నీలాన్ని 0.0722తో గుణించి కూడాలి. ఈ అంకెలు గుర్తుంచుకోండి, మీ చీర కథ వీటిలోనే ఉంది.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4:2:0 అని చూసే ఉంటారు. పక్కపక్కన రెండు, కింద రెండు, ఇలా నాలుగు పిక్సెళ్ల గడి తీసుకుంటే, వెలుగు విలువ నాలుగింటికీ విడివిడిగా దాస్తారు. రంగు విలువలు మాత్రం నాలుగింటికీ కలిపి ఒక జతే. 12 అంకెలు దాచాల్సిన చోట 6 దాస్తే సరిపోతుంది. ఇంకే కంప్రెషనూ మొదలవకముందే ఫైలు సగమైపోయింది. మామూలు దృశ్యాల్లో దీన్ని ఎవరూ గుర్తుపట్టరు. నేను కొత్తగా చేరిన ఇంజనీర్లకు రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తుంటాను, తేడా చెప్పలేక తికమకపడతారు.

ఇప్పుడు మీ చీరకు వద్దాం. చీర ఎరుపు పిక్సెల్ విలువలు 180, 20, 30 అనుకోండి. అంచు ముదురు పచ్చకు 20, 67, 40 అనుకోండి. కంటికి ఎంత తేడా! కుంకుమ రంగు పక్కన ఆకు రంగు. కానీ పై సూత్రంతో వెలుగు విలువ కట్టి చూడండి. ఎరుపుకు 38 + 14 + 2, దశాంశాలు కూడా కలిపితే 55. పచ్చకు 4 + 48 + 3, మళ్లీ 55. రెండూ ఒకటే! వెలుగు పొరకు అక్కడ అంచే లేదు. పెళ్లికూతురి చీర మొత్తం ఒకే బూడిద రంగు గుడ్డ. ఆ అంచు బతికి ఉన్నది రంగు పొరల్లో మాత్రమే, ఆ పొరల సైజు 1920×1080 కాదు, 960×540. ఫోన్ దాన్ని మళ్లీ సాగదీసి చూపించేటప్పుడు ఎరుపు పచ్చలోకి, పచ్చ ఎరుపులోకి పారుతుంది. మీరు అలికినట్టు ఉంది అన్నది సరిగ్గా దీన్నే.

మీరే పరీక్షించుకోవచ్చు. ఆ షాట్‌లో శాచురేషన్‌ను, అంటే రంగు గాఢతను, సున్నాకు దించండి. చీరా అంచూ కలిసిపోతే నేను చెప్పింది నిజం. అదే చీరలో జరీ గీత వెళ్లిన చోట చూడండి, అక్కడ అంచు నిలబడి ఉంటుంది. ఎందుకంటే జరీ వెలుగు వేరు, వెలుగు పొర దాన్ని పూర్తి వివరంతో పట్టుకుంటుంది.

రంగును ముతకగా పంపడం డిజిటల్ కాలంలో వచ్చిన పిసినారితనం కాదు. వెలుగునూ రంగునూ వేరుచేసి పంపాలన్న ఆలోచనకు ఫ్రెంచ్ ఇంజనీర్ జార్జ్ వాలెన్సీ 1938లోనే పేటెంట్ కోరాడు. 1953 డిసెంబరులో అమెరికా ఆమోదించిన ఎన్‌టీఎస్‌సీ కలర్ టీవీ పద్ధతి దాన్ని ఆచరణలో పెట్టింది. అప్పటికే ఇళ్లలో ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీలు పనిచేస్తూనే ఉండాలి, ఉన్న తరంగాల వెడల్పులోనే రంగు కూడా ఇమడాలి. వాళ్లు చేసిన పంపకం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. వెలుగుకు 4.2 మెగాహెర్ట్జ్ ఇచ్చారు. రంగును రెండు పాళ్లు చేసి, నారింజ నుంచి నీలి-ఆకుపచ్చ వైపు సాగే పాలుకు 1.3 మెగాహెర్ట్జ్, ఆకుపచ్చ నుంచి ముదురు గులాబీ వైపు సాగే పాలుకు అర మెగాహెర్ట్జ్ మాత్రమే ఇచ్చారు. మనుషుల మీద ప్రయోగాలు చేసి, నారింజ దిశలోని రంగు తేడాల్లో కన్ను ఎక్కువ వివరం చూడగలదని తేల్చుకున్నాకే ఇలా పంచారు. మనిషి ముఖం రంగు కూడా ఆ దిశలోనే ఉంటుంది. మన దేశంలో దూరదర్శన్ 1982 ఆగస్టు 15న కలర్‌లోకి మారినప్పుడు వాడింది పాల్ పద్ధతి. అందులో టీవీ సెట్టు పై గీత రంగును, కింది గీత రంగును సగటు చేస్తుంది, కాబట్టి నిలువు దిశలో రంగు వివరం సగమవుతుంది. ఆ ఏడాది ఏషియాడ్‌ను రంగుల్లో చూసి మురిసిపోయిన ఇళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తెలియలేదు. కంటి లెక్క అంత బాగా కుదిరింది.

కుదరని చోటు కూడా నేను చూశాను. చాలా ఏళ్ల కిందట ఒక వార్తా చానల్ సిగ్నల్‌ను తక్కువ బిట్లలోకి దించే పని మా చేతికి వచ్చింది. అడుగున పరిగెత్తే స్క్రోలింగ్‌లో నీలం పట్టీ మీద ఎర్ర అక్షరాలు. ఎరుపు, నీలం రెండింటికీ వెలుగు విలువ తక్కువే, కాబట్టి అక్షరం ఆకారమంతా రంగు పొరల మీదే ఆధారపడింది. మా రిపోర్టులో అన్నీ బాగున్నట్టే రాసుకున్నాం. టీవీ ముందు కూర్చుని చదివితే ప ఏదో ఫ ఏదో తెలియలేదు, వత్తులన్నీ కింద ఒక మరకలా కలిసిపోయాయి. తెలుగు అక్షరంలో అర్థం మొత్తం ఒక చిన్న గీతలోనో, కింద పెట్టిన వత్తులోనో ఉంటుంది. ఆ సన్నటి గీతనే మేం పారేశాం. అక్షరాలను తెలుపు చేయమని అడిగాం, చేశారు, ఒక్కసారిగా అంతా చదవగలిగేలా అయింది. అప్పటి నుంచి ఏ పనిలోనైనా నేను మొదట చూసేది తెలుగు అక్షరాలున్న షాట్లనే.

ఎరుపు-ఆకుపచ్చ విషయంలో మరో మాట. 2025లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం, మెటా పరిశోధకులు కలిసి కంటి గరిష్ఠ వివరం ఎంతో కొత్తగా కొలిచారు. నల్ల-తెల్ల గీతలైతే చూపు మధ్యలో, చూపు కోణం ఒక డిగ్రీకి 94 పిక్సెళ్ల దాకా సగటు మనిషి తేడా పట్టగలిగాడు. ఎరుపు-ఆకుపచ్చకు 89, పసుపు-ఊదాకు 53 వచ్చాయి. పాత లెక్క డిగ్రీకి 60 దగ్గర ఆగేది. కళ్ల డాక్టరు గోడకు తగిలించే అక్షరాల చార్టులో మామూలు చూపు అనేదాని వెనక ఉన్న అంకె అదే. అంటే ఎరుపు-పచ్చ అంచు విషయంలో మన కన్ను అనుకున్నంత ముతక కాదు. మీ పెళ్లివాళ్లు అనవసరంగా ఫిర్యాదు చేయలేదు.

రంగు సంగతి అయింది. తర్వాతి కోత ఎక్కడ పడుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే మీ ఆకాశం అక్కడే విరిగింది. జేపెగ్ ఫొటో అయినా, మీ వీడియోను కుదించే కోడెక్ అయినా, బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిని అలల మొత్తంగా రాస్తుంది. నిదానంగా మారే అలలు, వేగంగా మారే అలలు. దీనికి ఆధారమైన డీసీటీ అనే గణితాన్ని 1974లో ప్రచురించింది నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ఆ రావుగారి పూర్తి పేరు కమిసెట్టి రామమోహన్ రావు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, టెక్సస్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఈ రోజు మనం చూసే దాదాపు ప్రతి ఫొటో, ప్రతి వీడియో వాళ్ల ముగ్గురి గణితానికి ఏదో ఒక రూపంలో రుణపడి ఉంది.

ఆ అలల్లో దేన్ని ఎంత ఖచ్చితంగా దాచాలన్నది కన్ను చెప్తుంది. మరీ సన్నటి అలలు మనకు లీలగా కూడా తోచవు, మధ్యస్థంగా ఉన్నవి బాగా కనబడతాయి. 1992 నాటి జేపెగ్ ప్రమాణం అనుబంధంలో వెలుగుకు ఇచ్చిన పట్టిక మొదటి వరుస ఇలా ఉంటుంది: 16, 11, 10, 16, 24, 40, 51, 61. ఒక్కో అల ఎత్తును ఆ అంకెతో భాగించి, శేషాన్ని వదిలేస్తారు. అంకె పెద్దదైతే వదిలేసేది ఎక్కువ. పట్టిక చివరి మూలలో 99 ఉంటుంది. రంగు పట్టికలోనైతే సగానికి పైగా గళ్లలో 99లే. మనుషులకు బొమ్మలు చూపించి, తేడా ఎక్కడ కనబడటం మొదలవుతుందో కనిపెట్టి తయారుచేసిన అంకెలివి. సాధారణ బొమ్మకు బాగా పనిచేస్తాయి. పూలదండలు, జనం, తోరణాలు ఉన్న చోట ఎంత తప్పు చేసినా ఆ సందడిలో కలిసిపోతుంది. దీన్ని మాస్కింగ్ అంటాం, సంతలో మాట పక్కవాడికి వినబడనట్టే. కానీ ఖాళీ ఆకాశంలో దాక్కోవడానికి ఏమీ ఉండదు.

పైగా చీకటి దృశ్యాల్లో 8 బిట్ల వీడియోకు అడుగు వెడల్పు ఎక్కువ. వెలుగును కన్ను నిష్పత్తిలో చూస్తుంది. ఒక దీపం పక్కన ఇంకో దీపం పెడితే తేడా తెలుస్తుంది, వంద దీపాల పక్కన ఒకటి పెడితే తెలియదు. అందుకే వీడియోలో 0 నుంచి 255 దాకా అంకెలను వెలుగుకు సమానంగా పంచకుండా, గామా అనే వంపుతో చీకటి వైపు ఎక్కువ అంకెలు కేటాయిస్తారు. అయినా సరిపోవు. గామా 2.2 అనుకుంటే, 200 నుంచి 201కి వెళ్లినప్పుడు తెర వెలుగు సుమారు 1.1 శాతమే పెరుగుతుంది, అది కంటికి దాదాపు ఆనదు. 20 నుంచి 21కి వెళ్లినప్పుడు పెరిగేది 11 శాతం! చీకటి గదిలో అది స్పష్టంగా కనబడే మెట్టు. మీ ఊరేగింపు షాట్‌లో ఆకాశం 20 నుంచి 30 దాకా నెమ్మదిగా మారుతోందనుకుంటే, 1920 పిక్సెళ్ల వెడల్పులో ఉన్నవి పదే అంగలు, ఒక్కోటి దాదాపు 190 పిక్సెళ్ల పట్టీ. దీనికి తోడు, రెండు పట్టీలు కలిసే చోట కన్నే తేడాను పెంచి చూపిస్తుంది. ఎర్నెస్ట్ మాఖ్ 1865లో వివరించిన సంగతి ఇది. రెటీనాలో ఒక కణం ఉత్తేజితమైతే పక్కదాన్ని అణుస్తుంది. దాంతో సరిహద్దుకు ఒకవైపు ఇంకా నల్లగా, ఇంకోవైపు ఇంకా తెల్లగా తోస్తుంది.

కెమెరా ఒరిజినల్‌లో ఇది ఎందుకు లేదంటారా? అక్కడ నాయిస్ ఉంది. ఆ సన్నటి ఇసుకలాంటి చుక్కలు మెట్ల అంచులను కలిపేస్తూ వచ్చాయి. వీడియోను కుదించే ఎన్‌కోడర్ ఆ చుక్కలను పనికిరాని సన్నటి అలలుగా చూసి ఊడ్చేసింది, మెట్లు బయటపడ్డాయి. మీరు దాని మీద చుక్కలు తుడిచే డీనాయిస్ కూడా వేసి ఉంటే, మీ చేత్తో మీరే ఆ రక్షణ తీసేశారన్నమాట.

మీ కంప్యూటర్లో కనబడకపోవడానికి కారణం మీ గది అని నా అంచనా. ట్యూబ్‌లైట్ వెలుతురు తెర మీద పడి నలుపును బూడిద చేస్తుంది, ఆ 11 శాతం మెట్లు అందులో మునిగిపోతాయి. పెళ్లివాళ్లు రాత్రి లైట్లు ఆపుకుని, మంచం మీద పడుకుని, ఫోన్ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి ఉంటారు. అదే ఫైలు, వేరే కన్ను.

చీకటినీ వెలుగునూ ఎక్కువ పరిధిలో చూపే హెచ్‌డీఆర్ వీడియోలో ఈ చిక్కును మొదటి నుంచీ ఆలోచించి సరిచేశారు. ఫిలిప్స్‌లో పనిచేసిన పీటర్ బార్టెన్ కంటి కాంట్రాస్ట్ శక్తికి ఒక గణిత నమూనా ఇచ్చాడు. డాల్బీ ఇంజనీర్లు దాన్ని పట్టుకుని, చీకటి నుంచి 10,000 నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు దాకా ఏ రెండు పక్క అంకెల మధ్య తేడా కూడా కంటికి అందకుండా ఉండాలంటే వంపు ఎలా ఉండాలో లెక్కగట్టారు. 12 బిట్లు ఉంటే ఆ హద్దు లోపలే ఉండొచ్చని తేలింది. 2014లో ఎస్‌టీ 2084 అనే ప్రమాణమైన పీక్యూ వంపు అదే. ఆసుపత్రుల్లో ఎక్స్‌రేలు, స్కాన్లు చూసే మానిటర్లకు డైకామ్ ప్రమాణం పెట్టిన బూడిద మెట్లు కూడా బార్టెన్ నమూనా నుంచే వచ్చాయి. అక్కడ ఊపిరితిత్తి మీది లేత మచ్చ డాక్టరు కంటికి ఏ తెర మీదైనా ఒకేలా కనబడాలి. ఈ రంగంలో నాకు అన్నిటికంటే గౌరవం ఉన్న పని ఇదే.

ఇక మీ 95 సంగతి. మొదట్లో మేం వాడింది పీఎస్‌ఎన్‌ఆర్. ప్రతి పిక్సెల్‌లో తప్పు ఎంతో కొలిచి సగటు తీస్తుంది, అంతే. ఫ్రేము మొత్తానికి 5 అంకెల వెలుగు కలిపితే అది 34 డెసిబెల్స్‌కు పడిపోతుంది, చూసేవాడికి ఏ తేడా తెలియదు. అంతే తప్పును ముఖం మీద గళ్లుగా పోస్తే భరించలేం, స్కోరు మాత్రం అదే 34. 2004లో ఝౌ వాంగ్, అలన్ బోవిక్, హమీద్ షేక్, ఈరో సిమోన్‌చెల్లీ ఎస్‌ఎస్‌ఐఎం తెచ్చారు. కన్ను ఆకారాలను వెతుకుతుంది కాబట్టి ఆకారం ఎంత చెడిందో కొలుద్దాం అన్నది వాళ్ల ఆలోచన. నెట్‌ఫ్లిక్స్ 2016లో అందరికీ ఉచితంగా ఇచ్చిన వీమాఫ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. వివరం ఎంత పోయింది, కదలిక ఎంత ఉంది లాంటి కొలతలన్నీ తీసుకుని, నిజమైన మనుషులు ఇచ్చిన మార్కులతో పోల్చి, వాళ్లలా మార్కులు వేయడం నేర్పారు.

నేను దాన్ని రోజూ వాడతాను, మంచి పనిముట్టు. కానీ అది ఏం చూడదో తెలియకుండా వాడకూడదు. మామూలు వీమాఫ్ నమూనా వెలుగు పొరను మాత్రమే చూస్తుంది. మీ చీర అంచు వెలుగు పొరలో లేనే లేదని పైన లెక్క చూశారు కదా, లేని అంచు చెడిపోయిందని అది ఎలా చెప్తుంది? రెండో సంగతి, అందులోని ప్రేక్షకుడు హెచ్‌డీ టీవీకి దాని ఎత్తుకు మూడు రెట్ల దూరంలో కూర్చున్నవాడు. మంచం మీద ఫోన్ పట్టుకున్నవాడు కాదు. ఫోన్‌కు వేరే నమూనా ఉంది, అది కూడా చీకటి గది సంగతి పట్టించుకోదు. మూడోది, ఆకాశంలో మెట్లను వీమాఫ్ సరిగా పట్టలేదని వాళ్లకే తెలిసి, 2021లో క్యాంబీ అని మెట్ల కోసమే విడిగా ఒక కొలత తయారుచేశారు. పైగా మీరు చూసింది వీడియో మొత్తం సగటు అయితే, రెండు గంటల్లో నాలుగు నిమిషాల ఊరేగింపు అందులో కలిసిపోతుంది. సగటుతో పాటు అన్నిటికంటే తక్కువ వచ్చిన ఫ్రేములను చూడండి.

ఈ లెక్కల్లోని మనిషి అసలు ఎవరన్నది నన్ను చాలా ఏళ్లుగా వెంటాడే ప్రశ్న. రంగులకు సంబంధించినంత వరకు ప్రపంచమంతా వాడే "ప్రామాణిక పరిశీలకుడు" 1931లో పుట్టాడు. ఇంగ్లండ్‌లో డేవిడ్ రైట్ పది మందిని, జాన్ గిల్డ్ ఏడుగురిని కూర్చోబెట్టి, రంగులను జత కలపమని చేసిన ప్రయోగాల సగటే అతను. 17 మంది కళ్లు! మీ మానిటర్, మీ ఫోన్, మీ ప్రింటర్ అన్నిటి రంగుల లెక్కా అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ సగటు ఇంత బాగా నిలబడటం నిజంగా గొప్ప విషయం. కానీ సగటు సగటే. మా అమ్మకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయిన వారం తర్వాత నన్ను పిలిచి, ఒక కన్ను మూసి "ఇలా చూస్తే గోడ తెల్లగా ఉందిరా", ఇంకో కన్ను మూసి "ఇలా చూస్తే పసుపు రాసినట్టు ఉంది" అంది. బీరువాలోంచి పాత నీలం చీర ఒకటి తీసి, ఇంత నీలంగా ఉండేదా ఇది అని చాలాసేపు చూస్తూ కూర్చుంది. వయసుతో కంటిలోని కటకం పచ్చబడి నీలాన్ని మింగేస్తుందని నేను చదువుకున్నవాణ్ణే. ఆ రోజే నాకు అది పూర్తిగా అర్థమైంది. మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు, వాళ్లలో కొందరికి మీ చీర అంచు ఒరిజినల్‌లో కూడా కనబడి ఉండదు. అందుకే ప్రమాణాల ప్రకారం చేసే పరీక్షల్లో కనీసం 15 మందిని కూర్చోబెట్టి, ముందుగా వాళ్ల చూపూ రంగు గుర్తించే శక్తీ పరీక్షించి, గది వెలుతురు ఎంతుండాలో కూడా నిర్ణయిస్తారు.

కళ్లద్దాల్లా తలకు పెట్టుకునే వీఆర్ పరికరాలు ఇప్పుడు ఆ సగటు మనిషిని వదిలి, ఎదురుగా ఉన్న మనిషి కంటినే చూడటం మొదలుపెట్టాయి. లోపలి కెమెరాలు కనుపాప ఎటు తిరిగిందో కనిపెట్టి, చూపు పడిన చోట మాత్రమే పూర్తి వివరంతో బొమ్మ గీస్తాయి, పక్కల్లో ముతకగా గీస్తాయి. మన చూపులో స్పష్టంగా కనబడేది మధ్యలో రెండు డిగ్రీల మేరే, చెయ్యి చాచి పట్టుకున్న బొటనవేలి గోరంత. ప్లేస్టేషన్ వీఆర్2లో, ఆపిల్ విజన్ ప్రోలో ఇది ఉంది. పెళ్లి వీడియోకు దీనితో పనిలేదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

మీరు చేయాల్సింది చెప్తాను. ముందు చీర. చివరి ఫైలు ఎలాగూ 4:2:0లోనే పోవాలి, ఫోన్లన్నీ దాన్నే కోరతాయి. కాబట్టి ఆ అంచుకు వెలుగు పొరలో చోటు ఇవ్వండి. రంగులు సర్దే గ్రేడింగ్‌లో ఆ పచ్చను మాత్రం ఎంచుకుని కొంచెం ముదురు చేయండి. 67ని 50 చేస్తే వెలుగు విలువ 55 నుంచి 43కు దిగుతుంది, ఎరుపు 55 దగ్గరే ఉంటుంది. ఇప్పుడు అంచు 1920×1080 పొరలో పూర్తి వివరంతో ఉంటుంది. చీర రంగు మారిందని ఎవరూ అనరు. ఎరుపు శాచురేషన్ పెంచే అలవాటు ఉంటే ఈ షాట్లలో మానుకోండి, అది సమస్యను పెంచుతుంది. కెమెరాలో రంగు వివరం ఎక్కువ దాచే 4:2:2, 10 బిట్ల రికార్డింగ్ ఉంటే పెళ్లిళ్లకు అదే వాడండి. ఆన్‌లైన్లో పెట్టేటప్పుడు 4కే సైజులో ఎక్స్‌పోర్ట్ చేయండి. 4కేలో రంగు పొర 1920×1080 ఉంటుంది కాబట్టి, 4కే ఫైలును మామూలు తెర మీద చూసినా రంగు వివరం పూర్తిగా అందుతుంది. పేర్లు, తేదీలు వేసే టైటిళ్లలో ఎరుపు మీద పచ్చ, నీలం మీద ఎరుపు వద్దు. పెళ్లివాళ్లు పట్టుబడితే అక్షరాల చుట్టూ సన్నటి తెల్ల గీత పెట్టండి.

ఆకాశానికి డీనాయిస్ తగ్గించండి, గ్రేడింగ్ అంతా 10 బిట్లలో చేయండి, చివర్లో చాలా లేతగా గ్రెయిన్ కలపండి. ఎక్స్264 అనే ఎన్‌కోడర్ వాడుతుంటే ఏక్యూ మోడ్ 3 పెట్టండి, అది చీకటి ప్రాంతాలకు ఎక్కువ బిట్లు ఇస్తుంది. దాంతో ఫైలు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. మెసేజ్ యాప్‌లో వీడియోగా పంపితే అక్కడ మళ్లీ కుదిస్తారు, కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి. ఇచ్చే ముందు రాత్రిపూట లైట్లన్నీ ఆపి, మీ ఫోన్లో ఊరేగింపు ముక్క ఒక్కసారి చూడండి. ఆ తర్వాత హాల్లో టీవీ మీద పగటి వెలుతురులో చూడండి.

ఇవన్నీ చేశాక కూడా అంచు చెదిరితే, ఆ షాట్ నుంచి పది సెకన్ల ముక్క, అదే ముక్క కెమెరా ఒరిజినల్, రెండూ ముఖాలు కనబడకుండా చీర వరకు క్రాప్ చేసి ఇక్కడ పెట్టండి. పొరలు విడదీసి ఎక్కడ పోతోందో చూసి చెప్తాను.